చావిడి మా అక్కది

ఈ కాగితం రాయకుండానే పోదామనుకున్నాను. బద్ధకం ఒక కారణం. రెండోది, నేను కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి బతికినవాణ్ని. నాకున్నదేమిటో నా వాళ్లకు తెలుసు, ఎవరికేది కావాలో నాకు తెలుసు, మధ్యలో కాగితం దేనికి అనుకున్నాను. కానీ పోయిన నెల, అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు, మా అబ్బాయి చావిడిని గురించి ఒక మాటన్నాడు. ఆ మాటేమిటో నాలుగో నిబంధనలో వస్తుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి తెల్లకాగితాలు కొనుక్కొచ్చాను.

దస్తావేజులు రాసే పెద్దమనిషి మొదట ఇది ఉండితీరాలన్నాడు గనక రాస్తున్నాను: పాత పొలం ఇంటి యజమానినీ, డెబ్భై ఆరేళ్లవాణ్నీ, అందరూ కాయిల్ తాతయ్య అని పిలిచేవాణ్నీ అయిన నేను, పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరమ్మ సర్టిఫికెట్ ఇచ్చింది. ఇవాళ ఏం వారం అని అడిగింది, చెప్పాను. ఆమె గోడ మీది కాలెండరు ఇంకా పోయిన నెలలోనే ఉందని కూడా చెప్పాను. వెంటనే సంతకం పెట్టేసింది. నా ఎడమ చెవి సంగతి ఆమె అడగలేదు. వీలునామా రాయడానికి చెవులక్కర్లేదు. చదివాక వచ్చే మాటలు వినడానికే కావాలి, అప్పటికి నేనుండను.

1. ఇంతకుముందు నేను చేసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. కాగితం మీద చేసినవి ఏవీ లేవు. నోటితో చేసినవి మాత్రం చాలా ఉన్నాయి. అబ్బాయి నన్నడక్కుండా ఉద్యోగం మానేసిన రోజు అతనికి ఇల్లు లేకుండా చేశాను. అమ్మాయి నన్నడక్కుండా జుట్టు కత్తిరించుకున్న రోజు ఆమె వాటాతో పాటు పెరట్లో బావి కూడా లాగేసుకున్నాను. వాళ్లిద్దరూ ఆ బావి నీళ్లే తాగుతూ నా వీలునామాలు విన్నారు. అవేవీ చెల్లవు.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా కోడలికి అప్పగిస్తున్నాను. మొదలుపెట్టిన పనిని ముగించే అలవాటు మా ఇంట్లో ఆమెకొక్కర్తికే ఉంది. పాత ఇంటిని బాగుచేస్తున్నప్పుడు వంటింటి కిటికీ గురించి ఆమెకూ నాకూ పెద్ద రగడ అయింది. ఉన్న కిటికీ చాలన్నాను. "మావయ్యగారూ, ఒక్క రోజు ఆ పొయ్యి దగ్గర మీరు నిలబడండి, తర్వాత మాట్లాడుకుందాం" అంది. నిలబడ్డాను. మధ్యాహ్నానికల్లా బయటికొచ్చి, కళ్లు తుడుచుకుంటూ, కిటికీ ఎంత వెడల్పు కావాలో గోడ మీద బొగ్గుతో గీసుకోమన్నాను. ఆమె గీసిన గీత చూసి మేస్త్రీ, "ఇది కిటికీ కాదమ్మా, సింహద్వారం" అన్నాడు. ఇప్పుడు ఇంట్లో అందరం పొద్దున్నే వచ్చి కూర్చునేది ఆ కిటికీ దగ్గరే. ఆ కిటికీ, దానికింది అరుగు, అక్కడ మొదట కూర్చునే హక్కు ఆమెవి. ఇది వాటాలకు బయట.

3. మా నాన్న నుంచి నాకు సంక్రమించి, నేను బాగుచేయించుకున్న పెంకుటింటిని, ముందు వసారాతో, వెనక బావితో సహా, మా అబ్బాయికీ అమ్మాయికీ సమాన వాటాలుగా దఖలు పరుస్తున్నాను. అమ్ముకోవాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరూ ఒక విషయం మీద ఒప్పుకోవడం నేనింతవరకు చూడలేదు కాబట్టి ఇల్లు భద్రంగా ఉంటుందని నా నమ్మకం.

ఇల్లు బాగుచేయడమంటే కొత్తది కట్టడం కాదని నాకు పని మొదలుపెట్టాకే తెలిసింది. కొత్తదైతే మనం చెప్పినట్టు ఇల్లు వింటుంది. పాతదైతే అది చెప్పినట్టు మనం వినాలి. ఒక గోడ పూత గీకితే దాని కింద నీలం, దాని కింద పసుపు, దాని కింద మట్టి, మట్టిలో ఎవరిదో చెయ్యి మెత్తిన ఆనవాలు. ఆ చేతి పక్కన నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. నాకంటే చిన్న చెయ్యి. బహుశా ఆడమనిషిది. ఆ ముక్కకు పూత వేయనివ్వలేదు, మీరూ వేయకండి.

ఈ ఇంటి కప్పులో మట్టి పెంకుల మధ్య ఒకే ఒక్క గాజు పెంకు ఉంది. నడిమి గదిలో అద్దం బిళ్లంత ఎండ పడేది అందులోంచే. మా అమ్మాయి చిన్నప్పుడు సెలవుల్లో ఆ ఎండ బిళ్ల ఎక్కడుంటే అక్కడ బోర్లా పడుకుని చదువుకునేది. అది జరిగితే పుస్తకంతో సహా జరిగేది. సాయంత్రానికి గోడెక్కిపోతే తనూ గోడకు చేరగిలబడి, "నాన్నా, ఎండ అయిపోయింది" అని, అదేదో నేను దాచేసినట్టు, నన్ను నిలదీసేది. కప్పు మార్చినప్పుడు పనివాళ్లు ఆ పెంకు ఎక్కడ పెట్టాలో తెలియక నన్నడిగారు. నేలమీద పడుకుని, వేలితో చూపించి, ఇంచీ అటూ ఇటూ కాకుండా పెట్టించాను. ఆ గాజు పెంకునూ, దాని కింద పడే ఎండనూ మా అమ్మాయికి ఇస్తున్నాను. ఇల్లు ఎవరి భాగానికి వచ్చినా సరే.

4. ఇంటి వెనకనున్న గొడ్ల చావిడిని, ఇప్పుడున్న రూపంలో, దాని ముందు వాకిలితో సహా, మా అక్కకు, దాన విక్రయాది సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను.

ఈ నిబంధన దగ్గర దస్తావేజులు రాసే పెద్దమనిషి కలం ఆపాడు. "జీవితకాలం అనుభవించే హక్కు అని రాస్తే సరిపోదాండీ? ఆవిడకీ ఎనభై దాటాయి. ఎలాగూ తిరిగి మీ పిల్లలకే వస్తుంది" అన్నాడు. అనుభవించడం ఆమె పుట్టినప్పటి నుంచీ చేస్తూనే ఉంది బాబూ, హక్కు రాయి అన్నాను. అతను తల గోక్కుంటూ ఉంటే కాగితాలు తీసుకుని ఇంటికొచ్చేశాను. మిగతాది నా చేత్తోనే రాస్తున్నాను. తప్పులుంటే నావి.

ఎందుకు హక్కే కావాలో చెప్తాను. మా నాన్న ఉన్నదంతా నా పేర రాశాడు. అక్క పెళ్లి చేసుకోలేదు. "తమ్ముడు చూసుకుంటాడులే" అన్నది మాత్రం కాగితంలో రాయకుండా నోటితో చెప్పాడు. చూసుకోవడమంటే ఎంతో, ఏమిటో ఎవరూ చెప్పలేదు. అక్క ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరింది. హాస్టల్ వసారా చివర ఆమె గది. మంచం వాళ్లది, బీరువా వాళ్లది, తాళంచెవి వాళ్లది. రిటైరైన రోజున గుమాస్తా గదిలోకి వచ్చి, బీరువా తలుపులు తెరిచి చూసి, దుప్పటి దులిపి చూసి, గది ఖాళీగా అప్పగించినట్టు సంతకం పెట్టించుకున్నాడట. ఈ సంగతి అక్క నవ్వుతూనే చెప్పింది. "నేను ఎత్తుకుపోతానేమోనని నేల కూడా చూశాడురా" అంది.

అలా ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటి ముందు గదిలోకి వచ్చింది. మా ఇంటి గడపలు మీకు తెలుసు. ఎవరు ఏ పగతో పెట్టించారో గాని ఒక్కోటి కాలెత్తి దాటాల్సిందే. అక్క మోకాళ్లకు అవి కొండలు. వంటింట్లోకి రావాలంటే మూడు గడపలు. రెండుసార్లు తట్టుకుని పడింది. మూడోసారి పడబోయి పక్కింటి మా బావమరిది చొక్కా పట్టుకుంటే చొక్కా చిరిగింది. దానికతను ఇప్పటికీ మాట్లాడుతున్నాడు.

చావిడి ఆలోచన నాది కాదు, మా ఆవిడది. చివరి గేదెను తోలేసిన రోజున ఆమె ఖాళీ చావిడి మధ్య నిలబడి నాలుగు వైపులా చూసి, "గొడ్లకున్న గాలీ వెలుతురూ మనుషులకు లేవు మనింట్లో. వదినను ఇందులో ఉంచితే రాణిలా ఉంటుంది" అంది. నేను నవ్వాను. వదినను గొడ్ల చావిట్లో పెట్టిందని లోకం నిన్నే తిడుతుంది అన్నాను. "తిట్టనీ. లోకానికి మోకాళ్ల నొప్పుల్లేవు" అంది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆమె పోయింది. చావిడి పని మొదలుపెట్టడానికి నాకు అదొక కారణం, ముఖ్యమైన కారణం.

గొడ్డుకు గడప దాటమని చెప్పలేం గనక చావిడికి గడపల్లేవు. తలుపు రెండు గేదెలు పక్కపక్కన పట్టేంత వెడల్పు. గాడిని పడగొడదామంటే అక్క ఒప్పుకోలేదు. గొడ్లు మేత మేసిన ఆ తొట్టి మీద చెక్క పరిపించుకుని పుస్తకాలూ కళ్లజోడూ మందులూ పెట్టుకుంటోంది. గేదెలు మెడలు రుద్దుకుని రుద్దుకుని నున్నగా చేసిన స్తంభానికి రంగు వేయనివ్వలేదు. తొలకరి పడగానే గోడల్లోంచి ఇప్పటికీ గొడ్ల వాసన వస్తుంది. "వచ్చార్రా మీ వాళ్లు" అంటుంది నాతో.

ఇక నేల సంగతి. పాత రాళ్లనే తీసి, కింద ఇసుకా సున్నమూ వేసి, మళ్లీ పరిచాం. పరిచినవాడు మా మేస్త్రీ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గొడ్ల చావిళ్లకు నేలలు పరిచిన చెయ్యి అది. ఆ చేతికి నేలంటే ఒక మూలకు వాలుండాలి, లేకపోతే అది నేలే కాదు. పడకగది పరుస్తున్నానన్న సంగతి మనిషికి గుర్తుంది, చేతికి లేదు. పక్కనే కూర్చుని కబుర్లు చెప్తున్న నాకూ తెలియలేదు. ఆ మూలనున్న తూమునేమో ముందే మూసేశాం. అక్క సామాను సర్దుకోబోతూ నేల కడుగుదామని బిందెడు నీళ్లు పోసింది. నీళ్లు ఎంతో మర్యాదగా, ఎవరో దారి చెప్పినట్టు, ఒక్క మూలకు వెళ్లి నిలబడ్డాయి. అక్క కాసేపు ఆ మడుగును చూసి, "ఒరే, మరి నన్నెక్కడ కట్టేస్తార్రా?" అంది. మేస్త్రీ మొహం చూడాలి అప్పుడు.

అదే రోజు వడ్రంగి బీరువా తెచ్చి నిలబెట్టాడు. తలుపులు వాటంతటవే తెరుచుకుని ఊగడం మొదలుపెట్టాయి.

"ఏం మేస్త్రీ, నీ నేల పొద్దున్నే తాగిందా?" అన్నాడు వడ్రంగి.

"నా నేల బానే ఉంది. నీ బీరువాకే నిలబడటం రాలేదు. పిల్లది, ఇంకా నడక నేర్చుకోవాలి" అన్నాడు మేస్త్రీ. అన్నాడే గాని బయటికెళ్లి బావి గట్టు మీద కూర్చుని, రాళ్లన్నీ రేపే పీకి మళ్లీ పరుస్తానని, కూలి వద్దని, నాతో చెప్పాడు. అక్క అది విని అక్కడికొచ్చింది. "ఒక్క రాయి కదిపావంటే ఊరుకోను. బిందె పోస్తే నేల తనే కడుక్కుంటోంది. నేను వంగక్కర్లేదు, తుడవక్కర్లేదు. ఆ తూము తెరిచి వెళ్లు" అంది. మేస్త్రీని ఓదార్చడానికి అందో, నిజంగానే అందో నేనిప్పటికీ తేల్చుకోలేదు. నేల మాత్రం రోజూ అలాగే కడుగుతోంది.

తూము తెరిచారు. వడ్రంగి రెండు రోజులు చావిట్లోనే కూర్చుని మంచానికి, బీరువాకు, బల్లకు, కుర్చీలకు ఏ కాలు ఏ రాయి మీద నిలబడుతుందో చూసుకుని, ఆ కాలు అంత కోశాడు. కాబట్టి చావిట్లో ఏ సామానైనా ఉన్న చోటే నిలబడుతుంది. జరిపితే కుంటుతుంది. సామానంతా అక్కదే, ఆమె తప్ప ఎవరూ జరపకూడదు.

ఇప్పుడు మా అబ్బాయి అన్న మాట. "నాన్నా, చావిడికి నేల మట్టం చేయించి, కాస్త రంగులేయిస్తే సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకివ్వొచ్చు. అత్తయ్య ఇంట్లోకి వచ్చేస్తుంది, ముందు గది ఖాళీయేగా" అన్నాడు. చెడ్డ ఆలోచనేం కాదు. ఆదివారాలన్నీ పెంకులు మోసినవాడు, చావిడి కప్పులో అతని చెమట ఉంది, అడిగే అర్హత ఉంది. అక్క కంచంలోంచి తలెత్తలేదు. "అలాగేరా. ఎప్పటికి ఖాళీ చెయ్యాలో ముందుగా చెప్పు, సర్దుకోవాలి" అంది.

కోపంగా అనలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. మంచినీళ్లు అందుకో అన్నంత మామూలుగా అంది. ఆ మామూలుతనమే నాకు మింగుడు పడలేదు.

తర్వాత అబ్బాయిని వసారాలోకి పిలిచాను. "అత్తయ్యను ఎవరు పొమ్మన్నారు నాన్నా? ఎక్కడున్నా ఉండమనేగా అంటున్నాను" అన్నాడు. నిజమేరా, ఉండమనడానికి నువ్వున్నావంటే పొమ్మనడానికీ నువ్వే ఉన్నట్టు, ఆమెకు ఎవరూ ఏమీ అననక్కర్లేని చోటు ఒకటి కావాలి అన్నాను. చావిడి అక్క పేర రాస్తున్నానని చెప్పాను. "అయితే నా మీద నమ్మకం లేదన్నమాట" అని లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచీ మా మధ్య మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. "మావయ్యగారూ, మీ అబ్బాయికి మీ పక్కనున్న చెంబు కావాలట" అని కోడలు నా మంచి చెవిలో చెప్తుంది. నేనూ ఆమెతోనే జవాబు పంపుతాను. ఆమె ఒక చేత్తో చెంబందిస్తూ ఇంకో చేత్తో నోరు మూసుకుని నవ్వుకుంటుంది.

ఒరే అబ్బాయీ, ఇది నీ మీద అపనమ్మకంతో రాసింది కాదు. నువ్వు మంచివాడివని తెలుసు. నీ మంచితనం మీద ఆధారపడి ఉండటం వేరు, తన ఇంట్లో తనుండటం వేరు. మొదటిది మా అక్క ఎనభై ఏళ్లు చేసింది.

అక్క నాకంటే ముందు పోతే చావిడి అబ్బాయికీ అమ్మాయికీ సమానంగా వస్తుంది. ఈ వాక్యం రాయాలట, రాశాను. అక్కకు చదివి వినిపిస్తే, "నువ్వే ముందు. చిన్నప్పటి నుంచీ ఎక్కడికైనా నన్ను తోసుకుని ముందు దూరేది నువ్వే" అంది.

5. చావిడికి చతుస్సరిహద్దులు: తూర్పున, మా బావమరిది గోడ. అది మా వైపు వంగి ఉంది, అతను వంటింటి వైపు వంగి ఏం వండుతున్నారో చూసినట్టు. దక్షిణాన, పొలానికి పోయే బాట. పడమర, ఎవరిదీ కాని పిచ్చిచెట్ల జాగా. ఉత్తరాన, మా పెరడు, అందులో బావి, ఆపైన మా వంటింటి వెనక తలుపు. ఈ నాలుగు హద్దుల నడుమనున్నదంతా అక్కది. వంటింటి వెనక తలుపుకు మాత్రం అక్క ఉన్నన్నాళ్లూ లోపలి గొళ్లెం వేయకూడదు. హక్కు వేరు, రాకపోకలు వేరు.

6. మా బావమరిదికి నా వెదురు నిచ్చెన ఇస్తున్నాను. అది ఇప్పటికే అతని దగ్గరుంది. చావిడి కప్పు నేస్తున్నప్పుడు ఒక్క నిమిషం అని తీసుకెళ్లాడు. నేనప్పుడు కప్పు మీద ఉన్నాను. వెన్నుగోడ మీద కూర్చుని సాయంత్రం దాకా ఊరంతా చూశాను, అంత నెమ్మదిగా నేనెప్పుడూ ఊరును చూడలేదు. అరిస్తే అక్క బయటికొచ్చి పైకి చూసి, "దిగు" అంది. ఎలా అన్నాను. "ఎక్కినట్టే" అంది. అందుకని బావమరిది మీద కోపం ఉన్నా, ఆ సాయంత్రం అతను నాకిచ్చిందేనని ఒప్పుకుంటూ, నిచ్చెన మీద నా హక్కులన్నీ వదులుకుంటున్నాను.

7. తీగ చుట్టే యంత్రం అబ్బాయికి. అతనికి దాంతో పని లేదని తెలుసు. కానీ పసివాడుగా ఉన్నప్పుడు ఆ చప్పుడు వింటే తప్ప నిద్రపోయేవాడు కాదు. ఆపితే లేచి ఏడ్చేవాడు. చుట్టడానికి మోటార్లు లేని రోజుల్లో కూడా, తీగ లేకుండా, ఊరికే పిడి తిప్పుతూ కూర్చునేవాణ్ని. ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నావంటే పని చేస్తున్నానని చెప్పేవాణ్ని. అబద్ధం కాదు.

8. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు వీలునామాలో ఏమీ రాయకూడదట. మేస్త్రీ, వడ్రంగి ఇద్దరూ సాక్షులు. అందుకని వాళ్లకేమీ రాయలేదు. ఇవ్వాల్సింది చేతికే ఇచ్చేశాను. ఎవరికెక్కువ ఇచ్చానని ఇప్పుడు బయట వసారాలో పోట్లాడుకుంటున్నారు.

9. మిగిలిన చిన్నాచితకా అంతా కోడలి విచక్షణకు వదిలేస్తున్నాను.

ఈ నిబంధన రాస్తుండగా కరెంటు పోయింది. కిటికీలోంచి చూస్తే పెరట్లో లైన్‌మన్, పక్కన మా అబ్బాయి, అక్క. ఇంతవరకూ చావిడికి కరెంటు మా ఇంట్లోంచి లాగిన తీగ మీద వెళ్తోంది. ఇప్పుడు దానికి వేరే మీటరు పెడుతున్నారు. దరఖాస్తు అబ్బాయే పెట్టాడట. మొన్న కోడలు ఏదో కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టాను, అది ఇదేనట. మీటరు ఎవరి పేర అని లైన్‌మన్ అడిగాడు. అబ్బాయి అక్క వైపు చూశాడు. అక్క తన పేరు చెప్పింది. సరిగా వినపడలేదన్నాడు లైన్‌మన్. మళ్లీ చెప్పింది. రాసుకున్నాడు. కాసేపటికి కరెంటు వచ్చింది.

తేదీ: 2026 ఫిబ్రవరి 11, బుధవారం

వీలునామా రాసినవారి సంతకం: కాయిల్ తాతయ్య

సాక్షులు:
1. మేస్త్రీ
2. వడ్రంగి